68 ఏళ్ళ వయసులో స్పోర్ట్స్ కారు: ఉంచుకోవాలా, అమ్మేయాలా?

అన్నగారూ, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వయసు 68, ఉండేది బెంగళూరులో. బండి 2010 పోర్షే బాక్‌స్టర్, రెండు సీట్లది, పైకప్పు (టాప్) తెరుచుకునే స్పోర్ట్స్ కారు, మాన్యువల్ గేర్లు. ఎడమ మోకాలు నొప్పి పెడుతోంది, సీట్లోంచి లేవాలంటే అవస్థగా ఉంది. వదినగారు అందులో ఎక్కడం మానేశారు. అమెరికాలో ఉన్న మీ అబ్బాయి ఫోన్ చేసిన ప్రతిసారీ "అది అమ్మేసి ఆటోమేటిక్ ఎస్‌యూవీ కొనుక్కో నాన్నా, సేఫ్‌గా ఉంటుంది" అంటున్నాడు. ఆర్సీకి 15 ఏళ్ళు నిండబోతున్నాయి. అమ్మడానికి మనసొప్పడం లేదు, ఉంచుకుంటే తప్పు చేస్తున్నానేమోనని భయం.

ముప్పై ఏళ్ళకు పైగా ఈ ఊళ్ళోనే ఇలాంటి బళ్ళు బాగుచేస్తున్నాను. నాకూ అరవై దాటాయి. మీలాంటి ప్రశ్నతో మా షెడ్డుకు వచ్చినవాళ్ళు చాలామంది. వాళ్ళలో కంటి డాక్టర్లు, ఎముకల డాక్టర్లు కూడా ఉన్నారు. ఒంటి గురించి కింద రాసేది చాలావరకు వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే.

ముందు మీ అబ్బాయి మాట తీసుకుందాం. ప్రేమతోనే అంటున్నాడు, కానీ రెండు వేరువేరు సంగతుల్ని ఒకటి చేస్తున్నాడు. చూపు మందగించినా, కాలు బ్రేకు మీదికి వెళ్ళడం ఆలస్యమైనా, ఆ మనిషి ఏ బండిలో కూర్చున్నా ప్రమాదమే. 2019 జనవరిలో ఇంగ్లండ్ రాణి భర్త ప్రిన్స్ ఫిలిప్ 97 ఏళ్ళ వయసులో శాండ్రింగ్‌హమ్ దగ్గర యాక్సిడెంట్ చేశారు. ఆయన నడుపుతున్నది స్పోర్ట్స్ కారు కాదు, ల్యాండ్ రోవర్ ఫ్రీలాండర్. అంత ఎత్తు బండీ పల్టీ కొట్టింది. కిందికి దిగిన ఎండ కళ్ళలో పడిందని ఆయనే చెప్పారు, ఆ తర్వాతి నెలలో లైసెన్సు తిరిగి ఇచ్చేశారు. ఇంకోవైపు హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ 1995లో 70 ఏళ్ళ వయసులో డేటోనా 24 గంటల రేసులో తన తరగతిలో గెలిచిన జట్టులో ఉన్నాడు. బండి ఎంత ఎత్తుంది, ఎంత వేగంగా పోతుంది అన్నదాంతో ఈ లెక్క తేలదు.

అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒక్కటే. మీ ఇబ్బందుల్ని రెండు కుప్పలు చేయండి. బాక్‌స్టర్ దిగి మామూలు కారు ఎక్కితే మాయమయ్యేవి ఒక కుప్ప. ఏ కారు ఎక్కినా మీతోపాటే వచ్చేవి రెండో కుప్ప. మొదటి కుప్పలోవి ఎన్ని ఉన్నా వాటికి మందు ఉంది, బండి ఉంచుకోవచ్చు. రెండో కుప్పలో ఒక్కటి గట్టిది ఉన్నా బాక్‌స్టర్ అమ్మి క్రెటా కొంటే ఏమీ ఒరగదు, స్టీరింగే వదిలేయాలి. మీరు రాసిన మోకాలు, సీట్లోంచి లేవడం రెండూ మొదటి కుప్పలోవే. రెండో కుప్ప గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. నాకు ఆందోళన అక్కడే.

కళ్ళతో మొదలుపెట్టండి. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపు తిరుగుతుంది. ఇరవై ఏళ్ళ కుర్రాడి రెటీనాకు అందే వెలుతురులో దాదాపు మూడో వంతే అరవై దాటినవాళ్ళకు అందుతుంది. ఎదుటి బండి హైబీమ్ కొడితే మళ్ళీ చూపు కుదుటపడటానికి పట్టే సమయం కూడా పెరుగుతుంది. ఆరు మీటర్ల చార్టులో ఆఖరి వరస చదివేసి "నా కళ్ళు బాగున్నాయి" అనుకునేవాళ్ళు రాత్రిపూట హెబ్బాళ ఫ్లైఓవర్ మీద తడబడేది ఇందుకే. చార్టు ఒక్కటే చూపించుకుని వచ్చేయకండి. శుక్లం ఎంత ముదిరిందో చూడమనండి, కంటి ప్రెషర్ కొలవమనండి, పక్కచూపు కొలిచే ఫీల్డ్ టెస్ట్ తప్పకుండా అడగండి. కంటి నరం దెబ్బతినే గ్లకోమా జబ్బులో పక్కచూపు నొప్పి లేకుండా, తెలియకుండా పోతుంది. ఎదురుగా ఉన్నదంతా స్పష్టంగానే కనిపిస్తుంది కాబట్టి మనిషికి అనుమానం రాదు. ఎడమపక్క నుంచి దూసుకొచ్చే డెలివరీ కుర్రాడి స్కూటరే కనిపించదు. మన ఊళ్ళో 1896 నుంచి ఉన్న ప్రభుత్వ మింటో కంటి ఆసుపత్రిలోనైనా, మీకు అలవాటైన డాక్టరు దగ్గరైనా ఈ పరీక్షలు ఒక పూట పని. ఒకవేళ శుక్లం ఆపరేషన్ చెప్తే, లెన్సు ఎంచుకునే ముందే "నేను డ్రైవ్ చేస్తాను" అని చెప్పండి. దూరం, దగ్గర రెండూ కనిపించే మల్టీఫోకల్ లెన్సు పెట్టించుకున్న కొందరికి రాత్రి లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. డ్రైవింగ్ ముఖ్యమనుకునేవాళ్ళకు ఆ మాట డాక్టరుతో ముందే తేల్చుకోవడం అవసరం.

లైసెన్సు ఉంది కదా అని ధీమా వద్దు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత 55 దాటినవాళ్ళకు లైసెన్సు ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేస్తారు, ఫారం 1ఏలో డాక్టరు సంతకం కావాలి. పట్టపగలు 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలరా అన్నది అందులో ఒక ప్రశ్న. ఆ సంతకం ఎంత సులువుగా దొరుకుతుందో మీకూ తెలుసు. 25 మీటర్లు మీరే కొలుచుకుని, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఒక కారు నిలబెట్టి, ఒక్కో కన్ను మూసి చదివి చూడండి. తర్వాత అదే పని సంధ్యవేళ చేయండి. రెండింటికీ తేడా ఎంతో మీకే తెలుస్తుంది.

తర్వాత పాదాలు. మీకు షుగర్ ఉందో లేదో రాయలేదు. ఉంటే మాత్రం కుడి అరికాలికి స్పర్శ ఎలా ఉందో పరీక్ష చేయించుకోండి. సన్నటి నైలాన్ దారంతో అరికాలు తాకించి చూస్తారు, ఐదు నిమిషాల పని. తిమ్మిరెక్కిన పాదానికి యాక్సిలరేటరు మీద ఉందో, బ్రేకు మీద ఉందో సరిగా తెలియదు. మీరు ఎడమ మోకాలి గురించి దిగులు పడుతున్నారు గానీ, ఎడమ కాలు క్లచ్‌కే. అత్యవసరంలో ప్రాణాలు కాపాడేది కుడికాలు. అది బాగుందో లేదో ముందు తేల్చుకోండి.

మందులు కూడా రెండో కుప్పలోవే. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు వేసుకుని టిఫిన్ ఆలస్యం చేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. తెల్లవారుజామున ఖాళీ కడుపుతో డ్రైవ్‌కు బయల్దేరే అలవాటున్నవాళ్ళకు ఇది నిజమైన ప్రమాదం. నిద్రమాత్రల మత్తు పొద్దున దాకా ఉంటుంది, జలుబుకు వేసుకునే సిట్రిజిన్ కూడా కొందరిని తూగేలా చేస్తుంది. ప్రోస్టేట్‌కు వాడే టామ్‌సులోసిన్, కొన్ని బీపీ మాత్రలు కూర్చుని లేచినప్పుడు కళ్ళు తిరిగేలా చేస్తాయి. మీ సీటు ఎంత కిందికి ఉంటుందో గుర్తుంచుకుని, దిగగానే తలుపు పట్టుకుని కాసేపు నిలబడి అప్పుడు అడుగు వేయండి. మీ మాత్రల చీటీ మొత్తం ఒకసారి డాక్టరు ముందు పెట్టి "ఇవి వేసుకుని బండి నడపొచ్చా" అని సూటిగా అడగండి. మనం అడగనిదే ఆ సంగతి చాలామంది చెప్పరు.

మెడ రెండు కుప్పలకూ మధ్యలో ఉంటుంది. స్పాండిలైటిస్ ఉంటే మెడ వెనక్కి తిరగదు. పైగా మీ బండికి టాప్ వేస్తే వెనక మూలలు రెండూ మూసుకుపోతాయి. సర్వీస్ రోడ్డు మీంచి రింగ్ రోడ్డులోకి కలిసేటప్పుడు ఇది మరీ కష్టం. టాప్ తీసి నడిపితే నాలుగు దిక్కులూ కనిపిస్తాయి. పక్క అద్దాలకు చిన్న గుండ్రటి వెడల్పు అద్దాలు అంటించుకుంటే ఇంకొంచెం తేలికవుతుంది. అప్పటికీ మెడ తిప్పలేక అద్దాలనే నమ్ముకోవాల్సి వస్తే, అది మామూలు కారులోనూ ఉండే సమస్యే కాబట్టి రెండో కుప్పలో వేసుకోండి.

ఇక మీరు రాసిన మోకాలు. ఇది నా పని కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. క్లచ్ ప్లేటు అరిగేకొద్దీ లోపల దాన్ని నొక్కిపట్టే డయాఫ్రమ్ స్ప్రింగ్ కోణం మారి పెడల్ బరువెక్కుతుంది. రోజూ తొక్కేవాళ్ళకు ఆ మార్పు తెలియదు, ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా వస్తుంది. "మోకాలు పోయింది" అని వచ్చిన కొందరికి అసలు పోయింది క్లచ్ అని నేను చూశాను. కొత్త క్లచ్ సెట్ వేశాక వాళ్ళే ఆశ్చర్యపోయారు. మీరు కొన్నాక క్లచ్ మార్చారా? మార్చకపోతే ముందు అది చూపించండి. గేర్‌బాక్సు దింపాలి కాబట్టి ఖర్చు గట్టిదే, కానీ బండి అమ్ముకోవడంతో పోలిస్తే చిన్నది. క్లచ్ కొత్తదైనా సరే, సిల్క్ బోర్డు నుంచి మారతహళ్ళి దాకా సాయంత్రం ఆరింటికి ఈ బండి తీయకండి. అది ఏ వయసువాళ్ళ మోకాలికీ మంచిది కాదు. ఊళ్ళో పనులకు వదినగారి ఆటోమేటిక్ చిన్న కారో, ట్యాక్సీయో చూసుకోండి.

సీట్లోంచి లేవడానికి ఒక పద్ధతి ఉంది. బండి ఆపాక ముందు సీటు పూర్తిగా వెనక్కి జరపండి, ఎత్తు పెంచే మీట ఉంటే పైకి లేపండి. రెండు కాళ్ళూ కలిపి బయటపెట్టి, ఒంటిని మొత్తం తలుపు వైపు తిప్పి, ఒక చెయ్యి గుమ్మం మీద, ఒక చెయ్యి సీటు అంచు మీద ఆనించి ముందుకు వంగి లేవండి. స్టీరింగ్ పట్టుకుని గుంజుకుంటూ లేస్తే నడుము పడుతుంది. ఎక్కేటప్పుడు ముందు వెనక్కి తిరిగి కూర్చుని, తర్వాత రెండు కాళ్ళూ లోపలికి తెచ్చుకోండి. టాప్ తీసేసి ఉంటే ఇదంతా సగం శ్రమ. ఒక పరీక్ష కూడా చెప్తాను. చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, మామూలు కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 65 నుంచి 69 ఏళ్ళ మగవాళ్ళకు 12 కన్నా తక్కువ వస్తే కాళ్ళలో బలం తగ్గినట్టు లెక్క. తక్కువ వచ్చినా కుంగిపోవద్దు. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు తొడ కండరాలకు రోజూ కసరత్తు చేస్తే అది పెరుగుతుంది. బండి కోసం ఆ కసరత్తు మొదలుపెట్టి, ఇంట్లో మెట్లు కూడా హాయిగా ఎక్కుతున్నవాళ్ళు నాకు తెలుసు.

ఇప్పుడు బండి వైపు నుంచి చూద్దాం. బేస్‌మెంట్లో కవరు కప్పి ఉంచడాన్ని ఉంచుకోవడం అనను. నా దగ్గరికి అన్నిటికన్నా దయనీయమైన స్థితిలో వచ్చేవి ఎక్కువ తిరిగిన బళ్ళు కావు, తిరగని బళ్ళు. టైర్లు ఒకేచోట నొక్కుకుపోతాయి. పక్కగోడ మీద నాలుగంకెల తేదీ చూసుకోండి, 2318 అని ఉంటే 2018లో 23వ వారం అని అర్థం. గాడి ఎంత లోతుగా ఉన్నా రబ్బరు ముదిరితే వానలో పట్టు ఉండదు. బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తుంది, రెండేళ్ళకోసారి మార్చాలి. సాఫ్ట్ టాప్ పక్కన నీళ్ళు పోయే సన్నటి గొట్టాల్లో ఆకులు ఇరుక్కుంటే వాననీళ్ళు సీట్ల కింది కార్పెట్‌లోకి దిగి వైరింగ్ పాడుచేస్తాయి. బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది, ఆ డిక్కీ తాళం కరెంటుతో పనిచేస్తుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ముందు సీటు కాళ్ళ దగ్గరి ఫ్యూజు బాక్సులోంచి కరెంటు ఇచ్చి తెరవాలి. ఇవన్నీ ఎలుకల సంగతి వదిలేసి చెప్తున్నవి.

పెట్రోలు ఇంకో చిక్కు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసినది. ఇథనాల్ తేమను లాగుతుంది, 2010 నాటి రబ్బరు గొట్టాలకు అంత మంచిది కాదు. ట్యాంకులో నెలల తరబడి నిల్వ ఉంచకండి, నడుపుతూ కొత్తది పోయించుకుంటూ ఉండండి. పెట్రోలు వాసన వస్తే ఆ రోజే చూపించండి. ఇంజను విషయంలో మాత్రం నిశ్చింతగా ఉండండి. 2008 వరకు వచ్చిన బాక్‌స్టర్లలో భయపెట్టిన ఐఎంఎస్ బేరింగ్ (ఇంజను లోపలి మధ్య షాఫ్టును మోసే బేరింగ్, అది విరిగితే ఇంజనే పోతుంది) మీ దాంట్లో లేదు. 2009 మోడల్ నుంచి కొత్త ఇంజన్లలో ఆ షాఫ్టే తీసేశారు.

బేస్‌మెంట్ అన్నాను కాబట్టి ఇంకో మాట. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు, సర్జాపుర వైపు ఖరీదైన బళ్ళు ఎలా మునిగాయో మీరూ చూశారు. మీ పార్కింగ్ కింది అంతస్తులో ఉంటే ఇన్సూరెన్సులో ఇంజను రక్షణ చేర్చుకోండి. ఈ వయసు బండికి ఇవ్వని కంపెనీలూ ఉంటాయి, నలుగురిని అడగాలి. 1500 సీసీ దాటిన కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ నుంచి 7,897 రూపాయలు, పన్ను అదనం. ఐదేళ్ళు దాటిన బండి విలువ మీరూ కంపెనీ మాట్లాడుకుని పెట్టుకునేదే కాబట్టి, వాళ్ళు వేసిన అంకెకు వెంటనే తల ఊపకండి.

ఆర్సీ గురించి మీరు విన్న భయాలు చాలావరకు ఢిల్లీవి. 15 ఏళ్ళ పెట్రోలు బండి రోడ్డెక్కకూడదన్న నిబంధన అక్కడిది, బెంగళూరులో లేదు. గడువుకు 60 రోజుల లోపు ఫారం 25 పెట్టి, బండి చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఐదేళ్ళకు రెన్యువల్ చేయించుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి దీని ఫీజు మామూలు కారుకు 5,000, దిగుమతి కారుగా నమోదైతే 40,000. గడువు దాటితే నెలకు 500 చొప్పున అదనం. 20 ఏళ్ళు దాటాక దిగుమతి కారుకు 80,000 చేస్తూ 2025 ఆగస్టులో కేంద్రం కొత్త రేట్లు ఇచ్చింది. ఇప్పుడు ఐదేళ్ళకు రెన్యువల్ చేయిస్తే మీకు 73 ఏళ్ళు వచ్చేదాకా కాగితాల గొడవ ఉండదు. మళ్ళీ కూర్చుని ఆలోచించుకోవడానికి అది మంచి గడువు కూడా.

ఎప్పుడు, ఎక్కడ నడపాలో కూడా చెప్పనివ్వండి. ఆదివారం తెల్లవారాక, పూర్తిగా వెలుతురు వచ్చాక బయల్దేరండి. పొద్దున కోలారు వైపు వెళ్తే ఎండ సరిగ్గా మొహాన కొడుతుంది. హైదరాబాద్ రోడ్డు ఎక్కి దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి మీదుగా కొడికొండ చెక్‌పోస్టు దాకా వెళ్ళి, అక్కడ లేపాక్షికి తిరగండి. ఎండ కుడిపక్కన ఉంటుంది, టోపీ ఉంటే చాలు. నంది కొండ రోడ్డు వారాంతాల్లో కిక్కిరిసి ఉంటుంది, అక్కడ క్లచ్ తొక్కడమే సరిపోతుంది. చీకటి పడకముందే ఇల్లు చేరండి. నెలకు రెండుసార్లు ఇలా తిప్పితే బండికీ మంచిది, మీకూ మంచిది. ఈ సంతోషాన్ని చిన్నచూపు చూసేవాళ్ళ మాట పట్టించుకోకండి. రిటైరైన తర్వాత ఆదివారం కోసం ఎదురుచూసే కారణం ఉండటం చిన్న విషయం కాదు.

అయితే ఎప్పుడు ఆపాలో ఇప్పుడే రాసి పెట్టుకోండి. మెదడు పనితీరు తగ్గడం మొదలైతే తగ్గిందని ముందుగా తెలియనిది ఆ మనిషికే. అందుకే ఆ తీర్పు ఇంకొకరి చేతిలో పెట్టాలి. మీ అబ్బాయి దూరంగా ఉన్నాడు, ఫోన్లో భయపడగలడు గానీ మీ పక్కన కూర్చుని చూడలేడు. ఏడాదికి రెండుసార్లైనా పక్కన కూర్చుని అరగంట చూసి, మొహమాటం లేకుండా చెప్పే మనిషిని ఎంచుకోండి. వదినగారు అయితే మరీ మంచిది, ఆవిడ మోకాళ్ళకు ఆ సీటు కష్టమైతే మామూలు కారులోనే చూడమనండి. తెలిసిన దారిలో తికమకపడటం, ఎప్పుడు పడిందో తెలియని గీత, వెనకవాళ్ళ హారన్లు మునుపటి కన్నా ఎక్కువ కావడం, ఎడమవైపు బండిని ఆఖరి క్షణంలో గమనించడం, ఇలాంటివి రెండు కనిపిస్తే ఆ రోజు నుంచి తాళాలు ఆవిడవి అని కాగితం మీద రాసి సంతకం పెట్టండి. మా కస్టమర్ ఒకాయన ఇలాగే రాసుకున్నాడు. ఆ రోజు వచ్చినప్పుడు ఇంట్లో ఒక్క గొడవ లేకుండా తాళాలు ఇచ్చేశాడు.

క్లచ్ మార్చి, కసరత్తు చేసి, ఆర్నెల్లు చూసినా మోకాలు మొరాయిస్తే, కళ్ళూ పాదాలూ బాగుంటే, ఇదే తరంలో ఏడు గేర్ల పీడీకే ఆటోమేటిక్ బాక్‌స్టర్ వెతుక్కోవచ్చు. టాప్ తీసి పోయే ఆనందం అలాగే ఉంటుంది. అమ్మాల్సి వస్తే మాత్రం బండి నడుస్తున్నప్పుడే, సర్వీసు కాగితాలతో సహా అమ్మండి. మాన్యువల్ గేర్ల బాక్‌స్టర్ కోసం వెతికే కుర్రాళ్ళు ఉన్నారు, వాళ్ళలో ఒకడి చేతికి వెళ్తే బండి బతుకుతుంది. రెండేళ్ళు నిలబడిపోయిన బండిని విడిభాగాల కోసం కొనేవాళ్ళే వస్తారు.

ఇంకో పని ఈ రెన్యువల్‌తోపాటే చేసేయండి. ఆర్సీలో నామినీ పేరు రాయించండి, 2021 నుంచి ఆ వీలు ఉంది. లేకపోతే మీ తర్వాత బండి పేరు మార్చుకోవడానికి వారసత్వ పత్రాలు తేవడం వదినగారి మీద పడుతుంది.

ముందు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఫీల్డ్ టెస్ట్ ఫలితం, క్లచ్ ఎప్పుడు మార్చారన్నది, మీరు వేసుకునే మాత్రల పేర్లు ఇక్కడే రాయండి. క్లచ్ సంగతి నేను చూస్తాను. మాత్రల గురించి మా కస్టమర్లలో ఉన్న డాక్టరు గారిని అడిగి రాస్తాను.